రంగూన్ గోతిక్ కమానుల కింద క్రిస్మస్ పాట

యాంగోన్ (పాత పేరు రంగూన్) నగరంలో సంచౌంగ్ ఇరుకు వీధుల పేట. దానికి ఉత్తరాన కమాయుత్‌లో విశ్వవిద్యాలయం ఉంది, ఆ ఆవరణలోనే జడ్సన్ చర్చి. దక్షిణంగా ప్యే రోడ్డు వెంట నగరం నడిబొడ్డుకు దిగితే బోజో మార్కెట్ దగ్గర హోలీ ట్రినిటీ కెథడ్రల్ కనిపిస్తుంది. డిసెంబరులో పొరుగు దేశం నుంచి వచ్చి సంచౌంగ్‌లో బస చేసినవారు క్రిస్మస్ పాటలు వినాలంటే ఈ రెండు వైపులకూ దారి దగ్గరే. 2014 జనాభా లెక్కల ప్రకారం మయన్మార్‌లో (పాత బర్మాలో) క్రైస్తవులు 6.2 శాతం మాత్రమే. అయినా డిసెంబరు 25 అక్కడ దేశమంతటికీ సెలవు.

ఆంగ్లికన్ల చర్చి అయిన హోలీ ట్రినిటీకి 1886 ఫిబ్రవరి 24న వైస్రాయి డఫరిన్ ప్రభువు శంకుస్థాపన చేశాడు. ఆ ఏడాది జనవరి 1నే బ్రిటిష్‌వారు ఎగువ బర్మాను తమ రాజ్యంలో కలుపుకున్నారు. కొత్తగా చేజిక్కిన దేశాన్ని చూడవచ్చిన వైస్రాయి చేతితో ఈ పునాదిరాయి పడింది. అందుచేత దీన్ని ఆరాధన స్థలంగానే కాక, జయించినవాడు నేల మీద వేసిన ముద్రగా కూడా చదవాలి. నక్షా గీసినవాడు రాబర్ట్ చిజమ్. మద్రాసులో సెనేట్ హౌస్ కట్టిన శిల్పి ఆయనే. మద్రాసులో భారతీయ, ఇస్లామిక్ రీతులను కలిపి పేరు తెచ్చుకున్న ఆ మనిషి రంగూన్‌లో మాత్రం శుద్ధమైన ఇంగ్లిష్ గోతిక్‌ను ఎంచుకున్నాడు. రాయికి బదులు ఎర్ర ఇటుక వాడి, అంచులకు తెలుపు దిద్దించాడు. 1894లో చర్చి ప్రతిష్ఠ జరిగింది. సూదిమొన శిఖరం 1913లో గానీ పైకి లేవలేదు.

కాథలిక్కుల సెయింట్ మేరీస్ కెథడ్రల్ నగరానికి తూర్పు భాగంలో, బొటతాంగ్‌లో ఉంది. దాని రూపకర్త డచ్ శిల్పి యోస్ కౌపర్స్. జంట శిఖరాలతో నిలిచిన ఈ చర్చి మయన్మార్‌లోకెల్లా పెద్దది. లోపల కమానుల మీద ఎరుపు, తెలుపు పట్టీలు ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. నది ఒండ్రు మీద నిలిచిన ఊళ్లో ఇంత బరువును నిలబెట్టడం తేలిక కాదు. పైన కంటికి ఇంపుగా కనిపించే ప్రతి కమాను వెనకా కింద మెత్తటి నేలతో పడిన పాట్లు ఉన్నాయి.

గోతిక్ చర్చికీ, పండుగ సంగీతానికీ ఉన్న చుట్టరికం కట్టడంలోనే ఉంది. మొనదేలిన కమాను బరువును ఎక్కువగా నిలువుగానే కిందికి దింపుతుంది కాబట్టి పైకప్పును చాలా ఎత్తుకు లేపవచ్చు. ఎత్తు పెరిగినకొద్దీ లోపలి గాలి పెరుగుతుంది. గట్టి గోడల మధ్య పుట్టిన ధ్వని వెంటనే చావదు. పాడిన స్వరం కొన్ని సెకన్ల పాటు పైన తేలుతూ, తర్వాత వచ్చే స్వరంతో కలుస్తుంది. మెల్లగా సాగే నాలుగు గొంతుల పాటకు ఇది వరం. వేగంగా నడిచే సంగతులకు, తాళం దెబ్బలకు ఇదే శాపం, అక్షరాలు ఒకదానిపై ఒకటి పడి చెదిరిపోతాయి. ఇంగ్లండ్‌లో పండుగ పాటలకు ఒక క్రమం కూడా ఏర్పడింది. బైబిలు నుంచి తొమ్మిది పాఠాలు, వాటి మధ్య క్యారల్స్ అనే పద్ధతి 1880లో ట్రూరోలో మొదలైంది. 1918లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెల్ దాన్ని చేపట్టాక ఆంగ్లికన్ లోకమంతా పాకింది.

ఈ కథలో తెలుగువారి భాగం చిన్నది కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. రంగం వెళ్లడమంటే కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కి కూలికి పోవడం. గోదావరి ముఖంలోని కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారిని ‘కొరింగీలు’ అని పిలిచారు. 1931 లెక్కల్లో బర్మాలోని తెలుగువారు దాదాపు లక్షా అరవై వేలు. అప్పటి రంగూన్ జనాభా నాలుగు లక్షలు దాటితే అందులో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా తెలుగు కూలీలు. 1930 మేలో వాళ్లు చేసిన సమ్మె చివరికి నగరంలో దారుణమైన అల్లర్లకు దారితీసింది.

బాప్టిస్టు, మెథడిస్టు మిషన్లు ఈ తెలుగువారి మధ్య పనిచేశాయి. తెలుగు క్రైస్తవుల పాట వేరే దారిలో పెరిగింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాగతాళాలతో కట్టిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో చేరాయి. అందులో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చవుతాయి. ఆ పాటకు ఒక్క గొంతు వరుస చాలు, హార్మోనియం, తబలా చాలు, చిన్న గది చాలు. తెలుగు దేశంలోనూ గోతిక్ కమానులు లేకపోలేదు. మెదక్ కెథడ్రల్‌ను చార్లెస్ వాకర్ పోస్నెట్ పదేళ్ల పాటు, కరువు కూలీలకు పని కల్పిస్తూ కట్టించాడు. 175 అడుగుల గోపురంతో ఉన్న ఆ చర్చిని 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించారు.

బర్మాలో నాలుగు గొంతుల పాటను నిలబెట్టింది ముఖ్యంగా ఆ దేశపు జాతులైన కరెన్‌లు, చిన్‌లు, కచిన్‌లు. అమెరికన్ బాప్టిస్టు అడోనిరమ్ జడ్సన్ 1813 జులైలో రంగూన్‌లో దిగాడు. 1828లో కో థా బ్యూ అనే కరెన్ బాప్తిస్మం పొందడంతో కరెన్‌ల మధ్య సంఘాలు మొదలయ్యాయి. మిషనరీలు నేర్పిన టానిక్ సోల్‌ఫా ఆ సంఘాలకు బాగా అమరింది. అయిదు గీతలు లేకుండా డో, రే, మీలను అక్షరాలతో రాసే పద్ధతి అది. మన స, రి, గ, మల రాతకు దగ్గరి చుట్టం. పియానో లేని కొండ ఊళ్లో కూడా నాలుగు వరుసలను కాగితం మీద చూసి పాడుకోవచ్చు.

యుద్ధం క్రిస్మస్ వారంలోనే వచ్చింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 25న, పండుగ పూట, మళ్లీ వచ్చాయి. లక్షల మంది భారతీయులు బర్మా విడిచి పారిపోయారు. వారిలో చాలామంది కొండదారుల్లో నడిచి స్వదేశం చేరాలని బయల్దేరి దారిలోనే చనిపోయారు. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఆక్రమణ కాలంలో హోలీ ట్రినిటీని మద్యం తయారుచేసే చోటుగా వాడారు. 1944 డిసెంబరులో మిత్రరాజ్యాల బాంబులకు సెయింట్ మేరీస్ రంగుటద్దాల కిటికీలు పగిలిపోయాయి. రెండు భవనాలూ మిగిలాయి, మళ్లీ బాగుపడ్డాయి. తెలుగు పేటలు మాత్రం మునుపటిలా నిండలేదు. 1962 తర్వాత నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేయడంతో మరెందరో తిరిగివచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు.

1966లో విదేశీ మిషనరీలు దేశం విడవాల్సివచ్చింది. క్వయర్లను నడిపే పని పూర్తిగా స్థానికుల చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఈ చర్చిల్లో వినిపించేది బర్మీయుల సొంత పాటే అనడం న్యాయం. వైస్రాయి వేసిన రాయి మీద ఇప్పుడు పాడేది ఆ నేల మనుషులు. కరెన్ క్రైస్తవులు నవంబరు 30 అర్ధరాత్రి ‘స్వీట్ డిసెంబర్’ అంటూ నెలకు స్వాగతం చెబుతారు. అక్కడ నుంచి క్రిస్మస్ దాకా ఇంటింటికీ తిరిగి పాడతారు. పోప్ ఫ్రాన్సిస్ సెయింట్ మేరీస్‌లో యువజనులతో పూజ చేసింది కూడా 2017 నవంబరు 30నే. ఆ రాత్రి గంట పన్నెండు కొట్టేసరికి కరెన్ వాడల్లో పాట మొదలయ్యే వేళ అయింది.