తోలు వాసనలోంచి పుట్టిన కంపెనీ

ఆ తుమ్మ మొద్దు కొంచెం లోపలికి నెట్టు చిట్టీ, పచ్చిది, పొగ పెడుతోంది. ఆఁ, చాలు. పొద్దున్నుంచీ ఫోను పట్టుకుని మొహం ముడుచుకుని కూచున్నావు. మీ కంపెనీని ఇంకెవరో కొంటున్నారనే కదా దిగులు? ఆ సంగతి నాకు తెలీదు గాని, నాకు బాగా తెలిసిన కంపెనీ ఒకటుంది. దాని పుట్టుకా తెలుసు, అమ్ముడుపోయిన రోజూ తెలుసు. నేనందులో ఒక్కపూట కూడా పనిచెయ్యలేదు. అది కనిపెట్టిన పొడి మాత్రం నా చేతుల్ని కాపాడింది. చెప్తా, విను.

మీ ముత్తాత, అంటే మా నాయన, ఊరి చివర లంద నడిపేవాడు. లంద అంటే తోళ్ళు నానేసే తొట్టి. ఒక తొట్లో సున్నం నీళ్ళు, ఇంకో తొట్లో తంగేడు చెక్క నీళ్ళు. మోట తొండాలకీ, చెప్పులకీ, డప్పులకీ తోలు అక్కణ్ణించే. ఊళ్ళో అందరికీ మా తోలు కావాలి, మేం మాత్రం అక్కర్లేదు. బళ్ళో నా పక్కన ఎవరూ కూచునేవాళ్ళు కాదు. కులం అనడానికి నోరు రాక వాసన అనేవాళ్ళు. నాయన చేతులు సున్నానికి తిని తిని, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ పచ్చిపుండ్లే. అన్నం కలుపుకుంటే మండేవి. స్పూను ఎరగని ఇల్లు మాది, అమ్మ ముద్దలు చేసి పెట్టేది.

నేను 1963లో మద్రాసు పోయి ఒక టానరీలో చేరాను. పద్దెనిమిది నిండి పంతొమ్మిది. వెంట్రుక ఊడాలని తోలుని సున్నంలో వేస్తారు కదా, అక్కణ్ణించి తీశాక అది ఉబ్బిపోయి రబ్బరు ముక్కలా బిగుసుకుని ఉంటుంది. ఆ సున్నం వదలగొట్టాలి, లోపలి పోగులు సడలించాలి. లేకపోతే ఎంత ఖరీదైన చెక్క వేసినా తోలు అట్టముక్కే. ఈ సడలించే పనిని టానరీలో బేటింగ్ అంటారు. దీనికి ఐరోపాలో వందల ఏళ్ళు ఏం వాడారో తెలుసా? కుక్క పెంట, పావురాల రెట్ట. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, తోళ్ళు అందులో వేసి చేతుల్తో కలియబెట్టేవాళ్ళు. లండన్ వీధుల్లో ముసలివాళ్ళూ పిల్లలూ బుట్ట పట్టుకుని దాన్ని ఏరి టానరీలకి అమ్ముకుని బతికేవాళ్ళు. ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ తెలీదు. ఒకరోజు బాగా వచ్చేది, ఇంకోరోజు తోలు కుళ్ళిపోయేది.

ఈ కథలోకి అప్పుడొచ్చాడు ఒట్టో రోమ్ అనే జర్మన్ కెమిస్టు. స్టట్‌గార్ట్‌లో గ్యాసు ఫ్యాక్టరీలో ఉద్యోగం. దగ్గర్లో ఉన్న టానరీ నుంచి వచ్చే కంపూ, తమ ఫ్యాక్టరీలో మిగిలే గ్యాసు నీళ్ళ కంపూ ఒకేలా ఉన్నాయే అనుకున్నాడు. జనమంతా ముక్కు మూసుకుపోయే చోట ఆ మనిషి ఆగి వాసన చూశాడమ్మా! అదీ నాకు నచ్చింది. గ్యాసు నీళ్ళతో మొదట చేసిన సరుకు నిలబడలేదు. ఓపిగ్గా మళ్ళీ వెతికితే అసలు గుట్టు తేలింది. పెంటలో పనిచేసేది పెంట కాదు, జంతువు కడుపులోంచి దానితోపాటు వచ్చే ఎంజైములు. అవే ఎంజైములు పంది క్లోమంలో దొరుకుతాయి. వాటిని తీసి, అమ్మోనియా ఉప్పు కలిపి పొడి చేశాడు. ఒరోపోన్ అని పేరు పెట్టాడు. 1907లో ఎస్లింగెన్ అనే ఊళ్ళో స్నేహితుడు ఒట్టో హాస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. రోమ్ అండ్ హాస్.

రోమ్‌ది ల్యాబు, హాస్‌ది తిరుగుడు. హాస్ 1909లో అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలో కొట్టు తెరిచాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా టానరీలే. పొడి డబ్బా చేతిలో పెట్టి డబ్బులు పుచ్చుకునే రకం కాదు. టానరీలోకి వెళ్ళి, తొట్టి పక్కన నిలబడి, ఎన్ని నీళ్ళకి ఎంత, ఎంతసేపు అని చేసి చూపించే పద్ధతి. తోలు పనివాడు మాట నమ్మడు, తోలుని నమ్ముతాడు. అది తెలిసిన వ్యాపారి ఆయన.

ఇటు రా, నీ బొటనవేలు ఇయ్యి. మీ నాయనమ్మ అరిసెల పాకం పిండి కలిపి పెట్టింది కదా, ఇదిగో ఇందులో నొక్కు. గుంట పడి అలాగే ఉందా? బేటింగ్ అయిన తోలు సరిగ్గా ఇంతే. నొక్కితే వేలిముద్ర నిలవాలి. గుంట మళ్ళీ పైకి వచ్చేసిందంటే ఇంకా కాలేదని. నిలిచిందా, వెంటనే తియ్యాలి, పావుగంట ఎక్కువైనా తోలు వదులైపోతుంది. అంతకుముందు ఇంకో పరీక్ష. తోలు అంచు కత్తితో కోసి, కోసినచోట ఫినాల్ఫ్తలీన్ చుక్క వేస్తే, లోపల సున్నం మిగిలి ఉంటే మధ్యలో గులాబీరంగు గీత లేస్తుంది. తెల్లటి తోలు నడుమ ఆ గీత, కొత్త చీర అంచులా ఎంత ముద్దుగా ఉంటుందో! మొదటిసారి చూసిననాడు నాకు నాయన గుర్తొచ్చాడు. ఆయనకి ఆ చుక్క లేదు, ఆ పొడి లేదు. ఉన్నది చెయ్యి ఒక్కటే.

అడయార్‌లో తోలు పరిశోధనశాల ఉంది కదా, 1958 నుంచి దాని డైరెక్టరు మన తెనాలి దగ్గర యలవర్రు మనిషి, యలవర్తి నాయుడమ్మగారు. రైతు ఇంట్లో పుట్టి, తోలంటే జనం దూరం జరిగే రోజుల్లో తోలు చదువే చదివాడు. అందుకోసం పెన్సిల్వేనియా దాకా, లీహై యూనివర్సిటీకి వెళ్ళాడు. ఫిలడెల్ఫియా ఉన్న రాష్ట్రమే అది. 1985లో కనిష్క విమానం పేల్చేసినప్పుడు పోయాడు. మా టానరీ ఆ రోజు మూశారు. మహానుభావుడు. సరే, కథలోకి వద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆస్తి అని అమెరికా ప్రభుత్వం రోమ్ వాటాని స్వాధీనం చేసుకుంది. దాంతో ఒకే పేరుతో రెండు కంపెనీలయ్యాయి, జర్మనీది జర్మనీదే, అమెరికాది అమెరికాదే. రోమ్ కుర్రవాడుగా డాక్టరేటు చేసింది యాక్రిలిక్ మీద. ముప్పై ఏళ్ళ తర్వాత అందులోంచి గాజులా కనిపించే ప్లెక్సిగ్లాస్ వచ్చింది. రెండో యుద్ధంలో బాంబర్ విమానాల ముక్కులకి అమర్చింది దాన్నే. యుద్ధం అయ్యాక, 1953లో, నీళ్ళలో కలిసే యాక్రిలిక్ పెయింటు సరుకు తెచ్చారు. ఈ గోడకున్న రంగు కూడా ఆ జాతిదే. గమనించావా, వాళ్ళ సరుకేదీ నీ కంటికి ఆ పేరుతో కనిపించదు. ఇంకొకరి సరుకులోకి చిటికెడు వెళ్ళి దాని గుణం మార్చేస్తుంది. స్పెషాలిటీ కెమికల్స్ అంటే అదే, కూరలో ఇంగువ లాంటివి.

ఇక్కడొకటి దాటెయ్యకూడదు. నీళ్ళు శుద్ధి చేసే రెసిన్ పూసలు తయారుచేసే వాళ్ళ ఫ్యాక్టరీ ఫిలడెల్ఫియాలోనే, బ్రైడ్స్‌బర్గ్‌లో ఉండేది. అక్కడ బిస్-క్లోరోమిథైల్ ఈథర్ అనే విషం గాల్లో కలిసేది. 1960ల నుంచి అక్కడి పనివాళ్ళు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఒకరి తర్వాత ఒకరు పోయారు. 50 మందికి పైగా. నలభైల్లో ఉన్నవాళ్ళు, పిల్లలు గలవాళ్ళు. పనివాళ్ళ చేతుల్లోంచి పెంట తీసేసిన కంపెనీయే పనివాళ్ళ గుండెల్లో విషం పోసింది. ఆ ఒరోపోన్ మీద నాకెంత గౌరవమో, ఈ సంగతి మీద అంత కోపం. రెండూ ఉన్నాయి, రెండూ చెప్పాలి.

పెద్ద హాస్ 1960లో పోయాడు. ఆయన భార్య ఫీబీ వాటర్‌మన్ ఖగోళశాస్త్రంలో 1913లోనే డాక్టరేటు చేసిన మనిషి. ఆడపిల్లలకి ఆ చదువు అందని రోజులు చిట్టీ అవి. వాషింగ్టన్‌లో ఒక మ్యూజియం పక్కనున్న అబ్జర్వేటరీకి ఇప్పుడు ఆవిడ పేరే. 1945లో ఆ దంపతులు పెట్టిన ధర్మసంస్థ ఇవాళ్టికీ ఫిలడెల్ఫియాలో నడుస్తోంది. కంపెనీలో మూడోవంతుకి దగ్గరగా వాటా హాస్ కుటుంబ ట్రస్టుల కిందే ఉండేది.

1999లో ఆ కంపెనీకి పెద్ద అయింది మనదేశం మనిషి, రాజీవ్ గుప్తా, బొంబాయి ఐఐటీలో చదివినవాడు. ఆ ఏడే మోర్టన్ అనే ఉప్పు కంపెనీని కూడా కొన్నారు. 2006లో మీ నాన్న న్యూజెర్సీలో ఉన్నప్పుడు నన్ను లిబర్టీ బెల్ చూపించడానికి తీసుకెళ్ళాడు. నేను గంట సగం చూసి, ఆ పక్కనే ఉన్న రోమ్ అండ్ హాస్ బిల్డింగు ముందు నిలబడిపోయాను. లోపల ప్లెక్సిగ్లాస్‌తో చేసిన షాండిలియర్లు వేలాడుతున్నాయి. లంద పక్క పిల్లవాణ్ణి అక్కడ నిలబెట్టిన రోజు అది. మీ నాన్న ఫొటో తీశాడు, బీరువాలో ఉంటుంది చూడు.

ఇక అమ్మకం. 2008 జులై 10న డౌ కెమికల్ కంపెనీ షేరుకి 78 డాలర్లిచ్చి మొత్తం కొంటానంది. ముందురోజు ధర 45 కూడా లేదు. అప్పులతో కలిపి 1,880 కోట్ల డాలర్ల బేరం. డౌ అంటే 2001లో యూనియన్ కార్బైడ్‌ని కొన్నవాళ్ళు. భోపాల్ అనగానే మనకి కడుపులో తిప్పుతుంది కదా, ఆ కార్బైడే. సెప్టెంబరులో లేమన్ బ్యాంకు కూలింది, లోకమంతా అప్పు పుట్టడం మానేసింది. డౌ వాళ్ళు కువైట్‌తో 1,740 కోట్ల డాలర్ల ప్లాస్టిక్ వ్యాపారంలో భాగస్వామ్యం కుదుర్చుకుని, ఆ డబ్బు వస్తుందని లెక్కేసుకున్నారు. చమురు ధర పడింది. డిసెంబరు చివర్లో కువైట్ తప్పుకుంది.

జనవరిలో ప్రభుత్వ అనుమతి వచ్చేసింది, డబ్బు కట్టి తీసుకోవాల్సిన గడువూ వచ్చింది. డౌ ఇప్పుడు కట్టలేనంది. రోమ్ అండ్ హాస్ వెంటనే డెలావేర్ కోర్టుకి వెళ్ళింది. ఇప్పుడు కొంటే రెండు కంపెనీలూ మునుగుతాయని డౌ మొర. అయితే ఒప్పందం రాసుకున్నప్పుడు, అప్పు పుట్టకపోతే తప్పుకోవచ్చు అనే మాట అందులో పెట్టలేదు. అది బంగారం లాంటి కాగితం. గుప్తా మనుషులు ఆ కాగితాన్నే గట్టిగా పట్టుకున్నారు. మార్చి 9న విచారణ మొదలవ్వాలి, ఆరోజే రాజీ కుదిరింది. ధర తగ్గలేదు. అయితే హాస్ ట్రస్టులూ, ఇంకో పెద్ద వాటాదారూ కలిసి తమకొచ్చే డబ్బులో 250 కోట్ల డాలర్లు డౌ ప్రిఫరెన్స్ షేర్లలోనే తిరిగి పెట్టారు. 1912 నుంచి ఎన్నడూ తగ్గించని డివిడెండుని డౌ ఆ ఫిబ్రవరిలోనే కోసేసింది. ఏప్రిల్ 1న కంపెనీ చేతులు మారింది. మోర్టన్ ఉప్పుని వెంటనే ఒక జర్మన్ కంపెనీకి అమ్మేశారు. గేట్ల మీద రోమ్ అండ్ హాస్ పేరు పోయి డౌ అని వచ్చింది. జర్మనీలో మాత్రం రోమ్ పేరుతో కంపెనీ ఇంకా ఉంది.

ఇచ్చిన మాట తప్పనివ్వకుండా పట్టుకోవడం న్యాయమేననిపించింది నాకు. ఆ ధర వచ్చింది వాటాదారులకి. అక్కడి సుమారు 15,000 మంది పనివాళ్ళకి మాత్రం నీకిప్పుడున్న దిగులే. ఆ వార్త పేపర్లో చదివిన పొద్దున నేను చేతులు చూసుకుంటూ కూచున్నాను. నలభై ఏళ్ళు తోళ్ళలో ఉన్నా వేళ్ళ సందులు ఇదిగో, శుభ్రంగా ఉన్నాయి. మా నాయనవి అలా లేవు.

ఇప్పుడు నువ్వు చెప్పు. మీ కంపెనీ అసలేం తయారుచేస్తుంది? అది చివరికి ఎవరి చేతికి వెళ్తుంది? మొదట్నించీ చెప్పు, మొద్దు ఇంకా సగం కూడా కాలలేదు.