490 వాన్ల సంచీ

సియోల్‌లో ఇల్లు తీసుకున్న మొదటి వారమే నా చెత్త పరువు తీసింది. మామూలు నల్ల కవర్లో కట్టి గుమ్మం బయట పెడితే, తెల్లారేసరికి హెచ్చరిక స్టిక్కరుతో అక్కడే కూర్చుని ఉంది. పక్కింటి పెద్దావిడ చెయ్యి పట్టుకుని కొట్టుకు తీసుకెళ్లి, మా వార్డు పేరు అచ్చేసిన సంచీలు కొనిపించింది. 20 లీటర్లది 490 వాన్లు, మన లెక్కలో దాదాపు 30 రూపాయలు. అమ్మకు ఫోన్లో చెబితే, "చెత్త పారేయడానికి కూడా డబ్బులా, ఏం దేశంరా అది!" అంది.

ఇక్కడికొచ్చే మనవాళ్లది ఒకటే మాట: "వీళ్లకు శుభ్రత పుట్టుకతోనే వచ్చిందండీ." నేను ఒప్పుకోను. హాన్ నది ఒడ్డునున్న గుట్టే నా సాక్ష్యం.

దాని పేరు నంజిదో. ఒకప్పుడు వేరుశెనగ పండిన లంక. 1978లో సియోల్ తన చెత్త అక్కడ పోయడం మొదలుపెట్టి, పదిహేనేళ్లు పోసింది. 1993లో ఆపేనాటికి 9 కోట్ల టన్నులు పైబడి, దాదాపు వంద మీటర్ల ఎత్తున రెండు కొండలు లేచాయి. ఊట నదిలోకి, పొగ ఊరి మీదికి. చెత్త ఏరుకునే కుటుంబాలు ఆ గుట్ట మీదే కాపురాలు పెట్టాయి. ప్రపంచమంతా 1988 ఒలింపిక్స్ చూసిన సియోల్ ఇదే.

1995 జనవరి 1 దాకా చెత్త రుసుము ఆస్తి పన్నునో ఇంటి వైశాల్యాన్నో బట్టి ఉండేది. ఎంత పారేసినా అంతే. ఆ రోజు నుంచి దేశమంతటా రుసుము సంచీ ధరలోకి వచ్చింది. సీసాలు, కాగితాలు వేరు చేసి ఇస్తే పైసా అక్కర్లేదు. జనం చచ్చినట్టు వేరు చేయడం నేర్చుకున్నారు. 2005 నుంచి తిండి వ్యర్థాలను నేరుగా పూడ్చడం మానేశారు. 2013 నుంచి వాటికీ పారేసినంతకు రుసుము. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కిందున్న డబ్బాకు కార్డు చూపిస్తే మూత తెరుచుకుంటుంది, తూకం వేసి బిల్లు రాస్తుంది. పశువు తినగలిగేదే అందులో వెయ్యాలి. ఉల్లిపొట్టు, కోడి ఎముకలు, మామిడి టెంక, టీ పిప్పి మళ్లీ సంచీలోకే. పాచిపోయిన పప్పులో నీళ్లు వంపేసి మరీ వేస్తాను. నీళ్ల బరువుకు డబ్బు కట్టడమెందుకు?

అలాగని ఇక్కడ అంతా సవ్యంగా ఉందనుకోకండి. నంజిదో మూతపడితే చెత్త మాయమవలేదు, పొరుగున ఇంచియాన్ తీరంలో 1992లో తెరిచిన డంపింగ్ యార్డుకు పోయింది. సియోల్ చెత్త మాకెందుకని ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి నిలదీస్తున్నారు. 2026 జనవరి 1 నుంచి రాజధాని ప్రాంతంలో ఇళ్ల చెత్తను సంచీలతో నేరుగా పూడ్చకూడదన్నది నిబంధన. అంటే ముందు కాల్చాలి. మరి ఎక్కడ? నంజిదో ఉన్న మాపో వార్డులోనే చెత్త కాల్చే ప్లాంటు ఇంకోటి కడతామంటే, అక్కడి జనం కోర్టుకెక్కి 2025 జనవరిలో గెలిచారు. అన్నేళ్లు ఆ కంపు భరించిన చోటు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

2024 అక్టోబర్లో తెలంగాణ మంత్రులు వచ్చి చూసింది మాపోలో ఇప్పటికే నడుస్తున్న ప్లాంటునే. ఈసారి వచ్చేవాళ్లు పక్కనే 291 మెట్లెక్కి ఆ గుట్ట కూడా చూడండి. 2002 నుంచి అది పార్కు. పైన రెల్లు ఊగుతుంటుంది. దిగేటప్పుడు ఏ కొట్లోనైనా ఓ 20 లీటర్ల సంచీ కొని మన మున్సిపాలిటీ వాళ్లకు చూపించండి.