జాన్ గ్రెగరీ బర్క్ డైరీలు

జాన్ గ్రెగరీ బర్క్ డైరీలు అమెరికా సైన్యంలో అశ్వికదళ అధికారిగా పనిచేసిన బర్క్ (1846–1896) పశ్చిమ సరిహద్దు కోటల్లో, దండయాత్రల్లో రాసుకున్న దినచర్య గ్రంథాలు. 1872 నవంబరు నుంచి 1896లో ఆయన మరణించేదాకా సాగిన ఈ రాతప్రతులు 124 సంపుటాలు. ఇవి వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఫిలడెల్ఫియాలో పుట్టిన బర్క్ 16వ ఏట అంతర్యుద్ధంలో సైనికుడుగా చేరాడు. 1869లో వెస్ట్ పాయింట్‌లో పట్టభద్రుడై 3వ అశ్వికదళంలో నియమితుడయ్యాడు. న్యూమెక్సికోలోని ఫోర్ట్ క్రెయిగ్, అరిజోనాలోని క్యాంప్ గ్రాంట్ ఆయన తొలి మజిలీలు. తర్వాత చాలా ఏళ్లు జనరల్ జార్జ్ క్రూక్‌కు సహాయకాధికారిగా ఉన్నాడు.

డైరీల్లో ప్రయాణాలు, వాతావరణం, కోటలోని దైనందిన జీవితంతోపాటు ఉత్తర్వులు, పత్రికల కత్తిరింపులు, చేతిగీతల బొమ్మలు కలగలిసి ఉంటాయి. 1876 నవంబరు 25న కర్నల్ మెకంజీ దళం వయోమింగ్‌లో చెయెన్ గ్రామంపై దాడిచేసినప్పుడు బర్క్ అక్కడే ఉన్నాడు. గుడారాలు, ఎండుమాంసంతో సహా శీతకాలపు తిండి నిల్వలు తగలబెట్టగా, గడ్డకట్టే చలిలో చెయెన్‌లు కట్టుబట్టలతో పారిపోయారు; పసిపిల్లలు చలికి చనిపోయారు. ఆ గ్రామంలో దొరికిన మనిషి వేళ్ల మాలను 1892లో అపాచీ వైద్యులపై వెలువరించిన అధ్యయనంలో ఆయన వర్ణించాడు.

1881 ఆగస్టులో వాల్పి గ్రామంలో చూసిన హోపీ తెగవారి సర్పనృత్యంపై బర్క్ రాసిన పుస్తకం 1884లో వచ్చింది. సైనికుడి డైరీలు మానవశాస్త్ర ఆధారాలుగా నిలవడానికి ఇలాంటి పరిశీలనలే ప్రధాన కారణం. అయితే ఆ చూపు విజేత సైన్యానిదేనన్నది మరువరానిది. 2003 నుంచి చార్లెస్ ఎం. రాబిన్సన్ సంపాదకత్వంలో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ ప్రెస్ వీటిని సంపుటాలుగా ప్రచురించింది.