సింప్యూటర్: ఊరంతటికీ ఒక కంప్యూటరు

ఇంటర్నెట్‌తో పనిచేసే చేతి పరికరాల చరిత్రను అమెరికా కంపెనీల పేర్లతో మొదలుపెట్టడం పరిపాటి అయినా, అందులో బెంగళూరుకు దక్కవలసిన అధ్యాయం ఒకటి ఉంది. కంప్యూటరు ధరా, దానిని నడిపే ఇంగ్లీషూ రెండూ అందని పల్లెవాసికి సమాచారాన్ని చేర్చడం ఎలాగన్న ప్రశ్న 1998లో ఆ నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో చర్చకు వచ్చింది. సమాధానం వెతికే పనిని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్‌కు చెందిన వినయ్ దేశ్‌పాండే తదితరులు చేపట్టి, లాభాపేక్ష లేని సింప్యూటర్ ట్రస్ట్‌ను నెలకొల్పారు.

2001 ఏప్రిల్‌లో వారు ప్రదర్శించిన సింప్యూటర్ నమూనా అరచేతిలో ఇమిడేది. ఎవరైనా స్వేచ్ఛగా వాడుకొని మార్చుకోగల లైనక్స్ వ్యవస్థపై నడిచే ఆ పరికరానికి టచ్ స్క్రీన్, కరెంటు లేనిచోట పనికివచ్చే చిన్న బ్యాటరీలు, టెలిఫోను తీగ ద్వారా ఇంటర్నెట్‌ను అందుకునే మోడెం అమర్చారు. చదువు రానివారి కోసం తెరపైని పాఠాన్ని భారతీయ భాషల్లో వినిపించే ‘ధ్వని’ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు.

అనుకున్న ధర సుమారు 9,000 రూపాయలు. అదీ పేద కుటుంబానికి మోయరాని భారమేనని రూపకర్తలు ముందే గ్రహించి, పంచాయతీయో బడియో కొట్టు యజమానో ఒక పరికరాన్ని కొని ఊరివారికి అద్దెకిచ్చేలా, ఎవరి వివరాలు వారి స్మార్ట్ కార్డులో, అనగా చిప్ పొదిగిన చిన్న ప్లాస్టిక్ కార్డులో, భద్రంగా ఉండేలా ఏర్పాటు చేశారు. పరికరం ఉమ్మడిది, సమాచారం మాత్రం సొంతం. సింప్యూటర్‌లోని అసలైన కొత్తదనం ఇదే. మనిషికొక పరికరం ఉండితీరాలన్న భావనపై ఎదిగిన నేటి స్మార్ట్‌ఫోన్ లోకం ఈ దారి పట్టలేదు.

పరికరం విపణికి చేరడానికి మూడేళ్లు పట్టింది. ప్రభుత్వ రంగంలోని భారత్ ఎలక్ట్రానిక్స్, భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు స్థాపించిన పికోపీటా కంపెనీ కలిసి 2004లో ‘అమిడా’ సింప్యూటర్‌ను విడుదల చేశాయి. చేతి వంపును పసిగట్టే సెన్సర్ ఉన్నందున దానిని వంచితే తెరపై పుటలు మారేవి. ఐఫోన్ వచ్చినది ఆ తర్వాత మూడేళ్లకు. కర్ణాటక ప్రభుత్వం భూమి రికార్డుల పనిలో సింప్యూటర్‌ను వినియోగించింది కూడా. అయితే 50,000 అమ్మాలన్న లక్ష్యానికి 2005 నాటికి అమ్ముడైనవి సుమారు 4,000 మాత్రమే. పెట్టుబడి దొరకకపోవడం ఒక కారణం కాగా, 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమై, తక్కువ ముందస్తు సొమ్ముకే సెల్‌ఫోన్ చేతికందడం అంతకన్న పెద్ద కారణం. మాట్లాడుకోవడమే జనానికి తొలి అవసరం. దానిని సెల్‌ఫోన్ నేరుగా తీర్చింది.

సింప్యూటర్ తయారీ ఆగినా ‘ధ్వని’ ఆగలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైనందున దానిని మలయాళ స్వచ్ఛంద కార్యకర్తలు అందుకొని విస్తరించగా, అది చదవగల భాషల్లో తెలుగు కూడా చేరింది.