వేసవి సినిమా అంచనాలు: అభిమాని మనసా, బయ్యరు ఒప్పందమా?

తెలుగు సినిమా మీద మూడు దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధనలో హీరో ఉన్నాడు, కులం ఉంది, రాజకీయం ఉంది, కటౌటుకు పాలు పోసే అభిమాని ఉన్నాడు. సినిమాను ఏరియాలవారీగా కొని, మొదటి ఆట పడకముందే దాని మీద అందరికన్నా ఎక్కువ డబ్బు పెట్టిన బయ్యరు మాత్రం లేడు. ఎక్కడైనా ఉంటే అధోజ్ఞాపికల్లో ఉన్నాడు. ఈ లోపం వేసవి సినిమాల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏటా ఏప్రిల్, మే నెలల్లో పెద్ద సినిమా అంచనాలు అందుకుందా లేదా అన్న చర్చ పత్రికల్లో, టీ కొట్ల దగ్గర, పెళ్లి పందిళ్లలో సాగుతూనే ఉంటుంది. ఆ అంచనా ఎవరిది, ఎప్పుడు ఖాయమైంది, ఎంతకు ఖాయమైంది అని అడిగిన వ్యాసం ఒక్కటీ నాకు తారసపడలేదు. వేసవి సినిమా మీద అంచనా ఏరియా హక్కుల ధరలో పుట్టి, అక్కణ్నుంచి ప్రేక్షకుడి దాకా చేరుతుందని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను.

ఈ విషయంలో నాకు పేచీ ఉన్నది ప్రధానంగా సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్‌తో. అభిమానుల భక్తి, ధిక్కారాల మీద 1996లో ఆయన రాసిన వ్యాసం, ఆ తర్వాత 2009లో వచ్చిన 'మెగాస్టార్' పుస్తకం ఈ రంగంలో ప్రతి విద్యార్థీ చదివేవే. అభిమాని భక్తి షరతులతో కూడుకున్నదని, తార ఎలా కనిపించాలో శాసించే హక్కు తనకు ఉందని అతను నమ్ముతాడని, ఆ హక్కుకు భంగం కలిగితే తిరగబడతాడని శ్రీనివాస్ చూపించారు. దానితో అభిమాని ఒట్టి పిచ్చివాడన్న మధ్యతరగతి చులకన చూపు పోయింది. అంతవరకు ఆయనకు మనమంతా రుణపడి ఉన్నాం. అయితే ఆ తిరుగుబాటు ఏం సాధించిందన్న ప్రశ్న దగ్గర ఆయన ఆగిపోయారు. పోస్టరు చించిన అభిమానికి ఎవరూ టికెట్ డబ్బు తిరిగి ఇవ్వలేదు. అభిమాన సంఘం తీర్మానం చేసిందని తర్వాతి సినిమా బడ్జెట్ తగ్గలేదు. ఏరియా మునిగిన బయ్యరు నిర్మాత ఆఫీసు ముందు కూర్చుంటే మాత్రం డబ్బు కదులుతుంది, తర్వాతి సినిమా రేటు మారుతుంది, ఒక్కోసారి దర్శకుడే మారిపోతాడు. అంచనా తప్పినప్పుడు ఎవరి మాట చెల్లుతుందో, అంచనా వాళ్లది. బి సర్క్యూట్ మీద రాసిన వ్యాసంలో శ్రీనివాస్ స్వయంగా పంపిణీ వైపు చూశారన్న మాట నిజమే, కానీ అంచనా ఎవరిదన్న ప్రశ్న అక్కడా నాకు తారసపడలేదు.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లో దొరకలేదు. పశ్చిమ గోదావరిలోని ఒక పట్టణంలో, ఒక పాత థియేటర్ మేనేజరు గదిలో మొదలైంది. అక్కడ బల్ల మీద డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) కాగితాలు ఉండేవి. ఏ క్లాసులో, ఏ ఆటకు, ఏ నంబరు టికెట్ నుంచి ఏ నంబరు దాకా తెగింది, గ్రాస్ ఎంత, పన్ను పోను నెట్ ఎంత, అద్దె పోను షేర్ ఎంత అన్నవి అడ్డగళ్లలో నింపి ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ పంపిన రిప్రజెంటేటివ్ గేటు దగ్గర చించిన సగాలను ఆ నంబర్లతో సరిచూసి సంతకం పెడతాడు. బుకింగ్ మూసిన పావుగంటకల్లా ఆ అంకె ఫోనులో బయ్యరుకు వెళ్తుంది. హాల్లో ఈలలు వినిపిస్తున్నా రిప్రజెంటేటివ్ ముఖం నల్లబడి ఉండటం నేను చూశాను. ఎందుకని అడిగితే, ఈ ఊళ్లో ఈ ఆటకు రావాల్సినంత రాలేదన్నాడు. ఆ 'రావాల్సినంత' సినిమా విడుదలకు ఎన్నో వారాల ముందే కాగితం మీద ఖరారైపోయింది. సినిమా బాగానే ఉంది, కొన్న రేటే బాగాలేదని అదే జిల్లా బయ్యరు ఒకరు నాతో అన్నారు. సోమవారం సాయంత్రానికి ఊళ్లో వాళ్లు కూడా ఆ సినిమా పోయిందనే చెప్పుకున్నారు. అప్పటికి అందులో చాలామంది దాన్ని చూడనే లేదు.

వేసవినే ఎంచుకోవడానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. పరీక్షలు అయిపోతాయి, బడులు జూన్ 12 దాకా తెరవరు, డెల్టాలో దాళ్వా ధాన్యం డబ్బు చేతిలో ఉంటుంది, ఎండకు ఏసీ హాలు తోడవుతుంది. ఇవన్నీ లెక్కగట్టే బయ్యరు వేసవి సినిమాకు ఎక్కువ పెడతాడు.

2022 వేసవిని దగ్గరగా చూద్దాం. ఈ విషయంలో అంత స్పష్టమైన సాక్ష్యం తెలుగు సినిమా చరిత్రలో ఇంకెక్కడా దొరకదు. అంతకుముందు ఏడాది ఏప్రిల్ 8న, 'వకీల్ సాబ్' విడుదలకు సరిగ్గా ఒక్కరోజు ముందు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నంబరు జీవోతో టికెట్ రేట్లకు కళ్లెం వేసింది. పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో అడుగు తరగతి టికెట్ ఐదు రూపాయలు. ఏడాది పాటు నడిచిన గొడవ తర్వాత 2022 మార్చిలో కొత్త జీవో వచ్చింది. హీరో హీరోయిన్లు, దర్శకుడి పారితోషికాలు కాకుండా నూరు కోట్లు ఖర్చయిన సినిమాకు మొదటి పది రోజులు రేటు పెంచుకునే వీలు అందులో కల్పించారు. ఇక్కడ జరిగిందేమిటో పరిశోధకులు గమనించలేదు. ఒక సినిమా మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో ప్రభుత్వమే రూపాయల్లో కొలిచి ఉత్తర్వులో రాయడం మొదలుపెట్టింది.

మార్చి 25న వచ్చిన 'ఆర్ఆర్ఆర్'కు ఆంధ్రలో టికెట్ మీద 75 రూపాయలు పెంచుకోనిచ్చారు. ఏప్రిల్ 29న వచ్చిన 'ఆచార్య'కు 50 రూపాయలు. మే 12న వచ్చిన 'సర్కారు వారి పాట'కు 45. మే 27న వచ్చిన 'ఎఫ్3'కి మామూలు రేట్లే ఉంటాయని నిర్మాత దిల్ రాజు ముందే ప్రకటించారు. డెబ్బై అయిదు, యాభై, నలభై అయిదు, సున్నా. ఒకే వేసవి, అవే హాళ్లు, దాదాపు అదే ప్రేక్షకులు. ఇంతకన్నా మంచి ప్రయోగాన్ని ఏ సామాజిక శాస్త్రవేత్తా ప్రయోగశాలలో ఏర్పాటు చేయలేడు. 'ఆచార్య' మొదటి ఆట నుంచే కూలిపోయింది. 'సర్కారు వారి పాట'కు జనం వచ్చారు, అయినా అది హిట్టా కాదా అన్న వాదన వారాల తరబడి సాగింది. 'ఎఫ్3' గురించి నేను తిరిగిన ఊళ్లలో మోసపోయామన్న మాట వినలేదు. నవ్వుకున్నాం, వచ్చాం అన్నారు. 75 రూపాయలు అదనంగా పెట్టిన 'ఆర్ఆర్ఆర్' ప్రేక్షకుడు పెట్టిన డబ్బుకు సరిపోయిందని చెప్పుకున్నాడు. నాలుగు సందర్భాల్లోనూ తీర్పుకు ఆధారం పెట్టిన డబ్బే. కథ, సంగీతం, నటన ఆ తీర్పును సమర్థించుకోవడానికి తర్వాత వెతుక్కునే కారణాలు.

'ఆచార్య' తర్వాత జరిగింది మరింత ముఖ్యం. తండ్రీకొడుకులు ఒకే తెర మీద కనిపిస్తే అభిమానికి అంతకన్నా కావలసింది ఏముంటుందని శ్రీనివాస్ నమూనా ప్రకారం అనుకోవాలి. చిరంజీవి, రామ్‌చరణ్ ఇద్దరూ ఆ సినిమాలో ఉన్నారు. అభిమాని కోరిక తీరింది, సినిమా పోయింది. ఆ తర్వాత నెలల తరబడి వార్తల్లో ఉన్నది అభిమానుల బాధ కాదు, బయ్యర్ల బాకీ. ఒక పొరుగు ప్రాంతపు డిస్ట్రిబ్యూటర్ నష్టపరిహారం కోరుతూ హీరోకే బహిరంగ లేఖ రాశారు. తామిద్దరం పారితోషికంలో చాలా భాగం వెనక్కి ఇచ్చేశామని చిరంజీవి తర్వాత చెప్పారు. డబ్బు తిరిగి వెళ్లిన దారిని గుర్తిస్తే అంచనా వచ్చిన దారి కూడా తెలిసిపోతుంది. అది నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు ఆఫీసుల మీదుగా వచ్చింది, అదే దారిన వెనక్కి పోయింది. ప్రేక్షకుడి ఇల్లు ఆ దారిలో ఎక్కడా లేదు.

ధరను నిలబెట్టడానికి వ్యాపారం తేదీలను కూడా వాడుకుంటుంది. ఏప్రిల్ 28 సంగతి పరిశ్రమలో అందరికీ తెలిసిందే. 'అడవి రాముడు' 1977లో, 'యమలీల' 1994లో, 'పోకిరి' 2006లో, 'బాహుబలి 2' 2017లో ఆ తేదీనే వచ్చాయి. మే 9 కూడా అంతే. 'జగదేకవీరుడు అతిలోకసుందరి', మరుసటి ఏడాదే 'గ్యాంగ్ లీడర్', చాలా ఏళ్లకు 'మహానటి', 'మహర్షి' ఆ రోజునే విడుదలయ్యాయి. సెంటిమెంట్ అని మనం నవ్వి ఊరుకునే ఈ జాబితా బేరంలో పనిచేస్తుంది. పాత హిట్టు తేదీ కొత్త సినిమా రేటుకు హామీ అవుతుంది. 2023 ఏప్రిల్ 28న వచ్చిన 'ఏజెంట్' ఆ హామీని వమ్ము చేసింది. బౌండ్ స్క్రిప్టు లేకుండా షూటింగ్‌కు వెళ్లడం తమ తప్పేనని నిర్మాత అనిల్ సుంకర బహిరంగంగా ఒప్పుకున్నారు. స్క్రిప్టు పూర్తికాని సినిమా మీద కూడా ఇంత ఆశ ఎలా ఏర్పడిందన్నది నా ప్రశ్న. తారకూ కథకూ ముందే తేదీ, రేటు కలిసి దాన్ని కట్టాయి. 2016 మే 20న వచ్చిన 'బ్రహ్మోత్సవం' సంగతీ ఇదే. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' తీసిన దర్శకుడే, అందులోని హీరోల్లో ఒకరే, అదే కుటుంబాల సందడి. పాత సినిమా విజయం కొత్త సినిమా ధరలోకి ఎక్కింది, ఆ ధరను మోయగల బలం సినిమాకు లేకపోయింది.

ఒకప్పుడు ఈ బరువును మోయడానికి కాలం దొరికేది. 1990 మే 9న కోస్తాను తుఫాను ముంచెత్తిన రోజే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. హాళ్లలోకి నీళ్లు వచ్చాయి, రోడ్లు తెగాయి, మొదటి రోజులు ఖాళీగా పోయాయి. ఇవాళ్టి లెక్కలో అయితే అది శుక్రవారమే చచ్చిపోయిన సినిమా. అప్పుడు బయ్యరు వంద రోజుల మీద కన్నేసి కూర్చునేవాడు కాబట్టి వానలు తగ్గాక జనం వచ్చేదాకా సినిమా హాల్లో నిలిచింది, చరిత్ర సృష్టించింది. చిన్న ఊళ్ల సి సెంటరుకు ప్రింటు చేరేసరికి కథ, పాటలు, ఫైట్లు ఊరంతటికీ తెలిసిపోయి ఉండేవి. అక్కడ ఎవరూ అంచనాలు తలకిందులయ్యాయని అనేవారు కాదు. ఇప్పుడు డిజిటల్ విడుదలతో రాష్ట్రమంతా ఒకే ఉదయం సినిమా చూస్తుంది, మూడు రోజుల్లో రేటు రాబట్టాలి, సోమవారం తీర్పు వచ్చేస్తుంది. నిరాశ పెరగడానికి సినిమాల నాణ్యతకన్నా ఈ కుదింపే కారణం.

పైన చెప్పిన తేదీల్లోనే వచ్చిన 'యమలీల'లో అలీ హీరో, 'మహానటి'లో కథకు కేంద్రం హీరో కాదు, అయినా రెండూ ఆడాయని అనేవారుంటారు. తక్కువ ధరకు పెద్ద ఆదాయం వచ్చిన ఈ సందర్భాలు నా వాదనకే బలం.

ఇక 'ప్రేక్షకుడు మారిపోయాడు' అన్న వాదన. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతల గిల్డ్ షూటింగులు ఆపేసింది. జనం థియేటర్లకు రావడం మానేశారని, ఓటీటీ అలవాటైందని అప్పట్లో వినని రోజు లేదు. నాలుగు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 5న, 'బింబిసార', 'సీతారామం' ఒకేరోజు వచ్చి హాళ్లు నింపాయి. నాలుగు రోజుల్లో ఏ జాతి అభిరుచీ మారదు. 2024 వేసవి దీనికి మరో రుజువు. మే 13న పోలింగ్, ఐపీఎల్, ఆపైన మే 9 నుంచి జూన్ 27కు జరిగిపోయిన 'కల్కి'. కొనడానికి పెద్ద సినిమా లేకపోయేసరికి తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు మే మధ్యలో కొన్నాళ్లు మూతపడ్డాయి. చిన్న సినిమాలు వరుసగా వస్తున్నా వాటి మీద ఎవరూ ఏమీ ఆశించలేదు, ఎందుకంటే వాటిని ఎవరూ పెద్ద మొత్తానికి కొనలేదు.

2025 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్లీ విడుదలైంది. ప్రతి షాటూ, ప్రతి మాటా నోటికి వచ్చిన జనం టికెట్ కొని వెళ్లి, తృప్తిగా తిరిగి వచ్చారు. కొత్తగా ఏరియాలకు భారీ రేట్లు కట్టలేదు కాబట్టి అది అంచనాలు అందుకోలేదని రాసినవారెవరూ లేరు. తార, అభిమాని ఇద్దరూ అక్కడే ఉన్నారు, నిరాశ ఒక్కటే లేదు.

అదే నెలలో ఎగ్జిబిటర్లు అద్దె పద్ధతి వద్దని, కలెక్షన్‌లో శాతం కావాలని పట్టుబట్టి జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. ఆ కోరిక ఇంకా చావలేదు. అద్దె మీద ఉన్నంతకాలం థియేటర్ యజమానికి సినిమా ఆడినా ఆడకపోయినా ఒకటే లెక్క, నష్టం బయ్యరుది. శాతం వస్తే మార్నింగ్ షో టాక్‌కు అతనూ బయ్యరంతగా భయపడతాడు, ఏ సినిమా వేసుకోవాలో, ఏది రెండో వారం ఉంచాలో తన ఊరి జనాన్ని చూసి తేల్చుకుంటాడు. అప్పుడు అంచనా ఎనిమిది ఏరియా ఆఫీసుల నుంచి వెయ్యికి పైగా ఊళ్లకు చెదిరిపోతుంది. అద్దె ఒప్పందాల కాలంలో అభిమానిని నడుమ నిలబెట్టి రాసుకున్న ప్రేక్షక సిద్ధాంతం ఆ మార్పును ఒక్క సీజను కూడా తట్టుకోలేదు.