మానవ జీనోమ్‌ను కూర్చిన ప్రోగ్రామరు

వైద్యశాస్త్ర చరిత్ర అనగానే సూక్ష్మదర్శిని, స్టెతస్కోపు, టీకాలు మనకు స్ఫురిస్తాయి. మేము వైద్యం చదివిన రోజులలో కంప్యూటరుకు ఆ చరిత్రలో చోటు ఉంటుందని ఊహించలేదు. 2000వ సంవత్సరంలో ఒక ప్రోగ్రామరు ఆ చోటును సంపాదించిపెట్టాడు.

మానవ జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. అంతటి గ్రంథాన్ని ఏకబిగిన చదవగల యంత్రం అప్పుడు లేదు. అందువలన 1990లో ఆరంభమైన మానవ జీనోమ్ పథకంవారు డి.ఎన్.ఎ.ను ముక్కలు చేసి చదివారు. చినిగిన తాళపత్రాలను అతికించినట్లు, అంచులలోని పాఠం కలిసిన చోట్లను పోల్చి ముక్కలను వరుసలో పెట్టాలి. 2000 నాటికి దాదాపు 4 లక్షల ముక్కలు పోగుపడ్డాయి గాని, వాటిని కూర్చే ప్రోగ్రాము సిద్ధం కాలేదు. మరోవైపు సెలెరా అనే ప్రైవేటు సంస్థ అదే పనిలో వేగంగా ముందుకు సాగుతోంది. జన్యువులు పేటెంట్ల చెరలో పడతాయేమోనన్న భయం శాస్త్రవేత్తలలో ఉండేది.

శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ హౌస్లర్ బృందం ఈ కూర్పునకు పూనుకుంది. అక్కడి పరిశోధక విద్యార్థి జిమ్ కెంట్ పూర్వం యానిమేషన్ సాఫ్ట్‌వేరు రాసినవాడు. నలభయ్యేళ్ళ వయసులో జీవశాస్త్రం చదువుతున్నాడు. అతడు నాలుగు వారాలలో సుమారు 10,000 పంక్తుల ప్రోగ్రాము రాశాడు. పగలంతా టైపు చేసి, రాత్రి మణికట్లకు మంచుగడ్డలు పెట్టుకునేవాడట. జూన్ 22న, 100 కంప్యూటర్ల సాయంతో తొలి కూర్పు వెలువడింది. సెలెరా కూర్పు కంటే అది మూడు రోజులు ముందు. జూన్ 26న అమెరికా అధ్యక్షభవనంలో జీనోమ్ చిత్తుప్రతి ప్రకటన జరిగింది. జూలై 7న ఆ కూర్పును అందరికీ ఉచితంగా అంతర్జాలంలో ఉంచారు.

అది ఖాళీలున్న చిత్తుప్రతే. దాని వెనుక ఎందరో శాస్త్రవేత్తల శ్రమ ఉంది. అయినా నేడు క్యాన్సరు రోగి జన్యుపరీక్షలో కనిపించిన మార్పును పోల్చి చూసే ప్రామాణిక జీనోమ్ ఆ ప్రతినుండే ఎదిగింది. ఆ పోలికకు ఏ వైద్యుడూ ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు.

సాఫ్ట్‌వేరు రంగంలోని మన పిల్లలకు ఒక మనవి. కెంట్ పట్టుదలను ఆదర్శంగా తీసుకోండి, మంచుగడ్డలను కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రివేళ తిమ్మిరెక్కుతుంటే మణికట్టులోని నరం నలుగుతున్నదేమోనని అనుమానించాలి. నొప్పిమాత్రలతో కాలక్షేపం చేయక వైద్యుణ్ణి సంప్రదించండి.