ఎముక పొడిలో యల్లాప్రగడ జాడ

పైదవడ వెనక పన్ను ఊడి ఏళ్లు గడిస్తే, నమిలే పని లేని ఎముక క్రమంగా అరిగిపోతుంది. పైనున్న గాలిగది, అంటే సైనస్, కిందికి విస్తరిస్తుంది. చివరికి కృత్రిమ పన్నును నిలిపే ఇంప్లాంట్ బిగించడానికి చాలినంత ఎముక మిగలదు. స్టేషన్ ఘనపూర్‌లో రైలెక్కి కాజీపేటకో సికింద్రాబాద్‌కో వెళ్లి డాక్టరుకు చూపించుకునేవారికి అప్పుడే ‘సైనస్ లిఫ్ట్’ అన్న మాట వినబడుతుంది. సైనస్ పొర చిరగకుండా పైకి జరిపి, దాని కింద ఎముక పొడి నింపడమే ఆ చికిత్స. ఆ పొడికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఒక తెలుగువాడి చేయీ ఉంది.

1892లో జర్మన్ వైద్యుడు డ్రీస్మన్ ఎముకల్లోని గుంతలను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పూడ్చాడు. 1920లో అమెరికన్ సర్జన్ ఫ్రెడ్ ఆల్బీ, ఎముక పెరగడానికి కాల్షియం ఫాస్ఫేట్ తోడ్పడుతుందని ప్రకటించాడు. మన ఎముకలోని ఖనిజం కూడా ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్‌ల కలయికే.

శరీర ద్రవాల్లో ఫాస్ఫేట్ రూపంలోని ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే సులువైన పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అందించారు. పరీక్షించే ద్రావణం ఎంత ముదురు నీలంగా మారితే అంత ఫాస్ఫరస్ ఉన్నట్టు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచ ప్రయోగశాలలు దాన్ని తరతరాలుగా వాడుకున్నాయి.

తర్వాత సుబ్బారావు లెడర్లే మందుల సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే తొలి మందు. ఈ మందులు కొత్తగా ఏర్పడే ఎముకలో చేరి, అతినీలలోహిత కాంతిలో పసుపుగా మెరుస్తాయి. గ్రాఫ్ట్, అంటే నింపిన పదార్థం, చుట్టూ ఎముక ఎంత పెరిగిందో పరిశోధకులు ఆ మెరుపుతోనే గుర్తుపట్టగలిగారు.

అమెరికాలో దంతవైద్యుడు హిల్ట్ టాటమ్ 1970ల్లో సైనస్ లిఫ్ట్‌కు బాట వేశాడు. 1980లో బోయిన్, జేమ్స్ అనే పరిశోధకులు ప్రచురించిన పద్ధతిలో రోగి తుంటి ఎముకనే వాడారు. దాంతో మరోచోట కోత తప్పేది కాదు. ఆ బాధను తప్పించిన వాటిలో కృత్రిమ పొడి ఒకటి. అందులో హైడ్రాక్సీఅపటైట్ రకం చాలాకాలం నిలుస్తుంది. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ రకం త్వరగా కరిగి కొత్త ఎముకకు చోటిస్తుంది. అందుకే రెండింటినీ కలిపి వాడే పద్ధతి వచ్చింది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ హైడ్రాక్సీఅపటైట్‌కు బయోయాక్టివ్ గాజు జోడించి దేశీయంగా గ్రాఫ్ట్ పదార్థాన్ని రూపొందించింది.

ఈ పొడి తనంతట తాను ఎముక కాదు. స్లాబుకు సెంట్రింగ్ ఎలాంటిదో ఎముకకు ఇది అలాంటిది. పెరగాల్సింది రోగి సొంత ఎముకే. అందుకు నెలలు పడతాయి. పొగతాగడం, అదుపులేని షుగరు ఆ పెరుగుదలను దెబ్బతీస్తాయి.

మార్కెట్లో పశువుల ఎముక నుంచి చేసినవీ, దాతల ఎముక నుంచి చేసినవీ, ప్రయోగశాలలో తయారైనవీ ఉన్నాయి. మీ నోట్లో పెట్టేది ఏదో, ఎందుకు ఎంచుకున్నారో చికిత్సకు ముందే డాక్టరును అడగండి. అది మీ హక్కు.